ఏ అనెమోనీ తెచ్చుకోవాలి? తిరుపతి, చిత్తూరు ఇళ్లలోని ఉప్పునీటి ట్యాంకులకు పోలిక, సలహా

అనెమోనీ (రాయినో ఇసుకనో పట్టుకుని ఉండే మెత్తటి సముద్ర జీవి) కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది రంగు గురించే. ఎర్ర బబుల్ టిప్పా, ఆకుపచ్చ కార్పెటా, ఊదా కొనల సెబేనా అని. రంగు తర్వాత చూసుకోవచ్చు. మన దగ్గర ఎంపికను ముందు తేల్చేది ఎండ. తిరుపతిలో మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే, అనెమోనీకి కావలసిన నీళ్లేమో 25 నుంచి 27 డిగ్రీలు. ఈ తేడాను కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో కూడా మోయగలిగిన ట్యాంకుకు ఒక రకం సరిపోతుంది, మోయలేనిదానికి ఇంకో రకం. కొన్ని ట్యాంకులకు ఏ రకమూ వద్దు, అది కూడా మంచి ఎంపికే.

రకం చూసే ముందు ట్యాంకును చూడండి

*వయసు.* ట్యాంకు నిలదొక్కుకుని కనీసం ఆరు నెలలు కావాలి, ఏడాది అయితే ఇంకా మేలు. అమోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చినంత మాత్రాన చాలదు. కొత్త ట్యాంకులో ఉప్పు శాతం, క్షారత, పీహెచ్ రోజుకో రకంగా ఊగుతుంటాయి. చేపలు తట్టుకుంటాయి, అనెమోనీ తట్టుకోదు. సాంద్రత 1.025–1.026, క్షారత 8–10 డీకేహెచ్ (క్షారత కొలమానం), కాల్షియం 400–450 పీపీఎం (పది లక్షల్లో వంతులు), నైట్రేట్ 5–10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.1 లోపు ఉండాలి. ఈ అంకెలు రెండు నెలలపాటు పెద్దగా కదలకుండా ఉంటే ట్యాంకు సిద్ధమైనట్టు.

*నీళ్లు.* బోరు నీళ్లు, మున్సిపాలిటీ నీళ్లు నేరుగా పనికిరావు. వంటింటి ఆర్‌ఓ నీళ్లు వాడేవాళ్లు ఒక సంగతి గమనించాలి. రుచి కోసం కొంత మామూలు నీటిని తిరిగి కలిపే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) కంట్రోలర్ చాలా మెషీన్లలో ఉంటుంది. అందుకే మీటరు పెడితే 40, 60 చూపిస్తుంది. మెంబ్రేన్ (వడపోత పొర) దాటగానే పైపు తీసి, డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను పట్టేసే పూసలు) గుండా పంపి, రీడింగ్ సున్నా వచ్చాకే ఉప్పు కలపాలి. ఇంతకంటే పెద్ద ప్రమాదం రాగి. నీటికి రాగి కలిపే కార్ట్రిడ్జ్ ఉన్న ప్యూరిఫయర్లు ఇప్పుడు చాలా ఇళ్లలో ఉన్నాయి. మనకు మంచిదని పెట్టుకున్న ఆ రాగి అనెమోనీకి విషం. రాగి బిందెలో నిల్వ చేసిన నీళ్లూ వద్దు. చేపల తెల్లమచ్చలకు రాగి మందు ఎప్పుడైనా వేసిన ట్యాంకులో రాళ్లు, సిలికాన్ ఆ రాగిని పట్టి ఉంచుకుంటాయి. సెకండ్ హ్యాండ్ ట్యాంకు కొంటుంటే ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

*చల్లదనం.* ఫ్యాను, చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం), గదికి ఏసీ అని దారులు మూడు. నీటి మీదికి గాలి తోలే ఫ్యాను ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. మన పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది, అక్టోబరు, నవంబరు వానల్లో గాలిలో తేమ పెరిగితే అంతగా పనిచేయదు. పలమనేరు, కుప్పం వైపు ఎత్తు ప్రాంతాల్లో ఫ్యానుతోనే గట్టెక్కవచ్చు. తిరుపతి, రేణిగుంట, శ్రీకాళహస్తిలో ఎండాకాలానికి చిల్లరో ఏసీనో లేకుండా అనెమోనీ పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాం.

ఫ్యానుతో ఇంకో చిక్కుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. 190 లీటర్ల ట్యాంకులో రెండు మూడు రోజుల్లో 10 లీటర్లు తగ్గి, మీరు నింపకపోతే 35 పీపీటీ (వెయ్యిలో వంతులు) ఉన్న ఉప్పు 37కు చేరుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా నింపితే మళ్లీ దబ్బున పడుతుంది. అందుకే ఫ్యాను పెడితే ఆటో టాప్-ఆఫ్ (తగ్గిన నీటిని దానంతటదే నింపే పరికరం) కూడా పెట్టాల్సిందే.

*కరెంటు.* 150 ఏహెచ్ బ్యాటరీ ఉన్న ఇంటి ఇన్వర్టరు రిటర్న్ పంపును (కింది తొట్టె నుంచి ట్యాంకుకు నీళ్లు ఎక్కించేది), నీటిలో అలలు పుట్టించే ఒక వేవ్‌మేకర్‌ను కలిపి 50 వాట్ల లోడుతో ఒక పూటంతా తేలిగ్గా నడుపుతుంది. చిన్న చిల్లర్ అయినా సుమారు 200 వాట్లు లాగుతుంది, కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. దాన్ని ఇన్వర్టరు మీద వేయకండి. ఫ్రిజ్‌లో లీటరు నీళ్ల బాటిళ్లు నాలుగు గడ్డకట్టించి ఉంచండి. మూత బిగించిన బాటిల్ ఒకటి ట్యాంకు కిందుండే తొట్టె, అంటే సంప్‌లో తేలిస్తే 190 లీటర్ల నీళ్లు అర డిగ్రీకి కాస్త ఎక్కువ చల్లబడతాయి. గంటకు ఒకటి చాలు, అన్నీ ఒకేసారి వేయకూడదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

| రకం | ట్యాంకు | వెలుతురు | ఎక్కడ కుదురుకుంటుంది | నడక | కష్టం |
|---|---|---|---|---|---|
| బబుల్ టిప్ | 3 అడుగులు, సుమారు 190 లీటర్లు | మధ్యస్థం, 150–300 పార్ (వెలుతురు కొలత) | రాతి పగుళ్లలో | ఉంది | తక్కువ |
| హడ్డోని కార్పెట్ | 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు | ఎక్కువ | ఇసుకలో, 8–10 సెం.మీ. లోతు | తక్కువ | మధ్యస్థం |
| మాగ్నిఫిసెంట్ | 400 లీటర్లు, అంతకు పైన | చాలా ఎక్కువ, 300 పార్ దాటి | రాతి కొన, అద్దం | చాలా ఎక్కువ | చాలా ఎక్కువ |
| సెబే, లాంగ్ టెంటకిల్ | 4 అడుగులు | మధ్యస్థం నుంచి ఎక్కువ | లోతైన ఇసుకలో | మధ్యస్థం | ఎక్కువ |
| రాక్ ఫ్లవర్, మినీ మ్యాక్సీ | 2 అడుగులు చాలు | మధ్యస్థం | రాయి, ఇసుక కలిసే చోట | చాలా తక్కువ | తక్కువ |

బబుల్ టిప్

ఎంటాక్మియా క్వాడ్రికలర్ దీని శాస్త్రనామం. ఎరుపు, ఆకుపచ్చ, రెయిన్‌బో ఏదైనా జాతి ఒకటే, పెంపకం ఒకటే. మొదటి అనెమోనీ అయితే మా ఓటు దీనికే. ట్యాంకుల్లో తరాలుగా చీలుతూ వచ్చిన పిల్లలు దొరుకుతాయన్నదే ప్రధాన కారణం. సముద్రం నుంచి పట్టి తెచ్చినదానికి పాదం (రాయికి అంటుకునే అడుగుభాగం) చిరిగి ఉండొచ్చు, దారిలో వేడికి దెబ్బతిని ఉండొచ్చు. ఇంకొకరి ట్యాంకులో చీలిన పిల్ల మాత్రం ఎల్ఈడీ వెలుతురుకు, కృత్రిమ ఉప్పునీటికి అలవాటు పడే ఉంటుంది. చెన్నైలోనో బెంగళూరులోనో పెంచేవాళ్ల దగ్గర ఇలాంటి పిల్ల దొరికితే, దుకాణంలో కనిపించే పెద్ద అనెమోనీని వదిలేసి అరచేతిలో సగం ఉండే ఈ పిల్లనే తీసుకోండి.

పాదాన్ని పగులులోకి దూర్చి, వేళ్లలా ఊగే టెంటకిల్స్‌ను వెలుతురులోకి చాపడం దీని స్వభావం. కాబట్టి రాతిలో బొటనవేలు దూరేంత సందు ఉండాలి. నున్నటి రాయి మీద పెడితే వెతుక్కుంటూ నడుస్తుంది. మధ్యలో ఒక విడి రాయి, చుట్టూ ఒక జానెడు ఖాళీ ఇసుక ఉండేలా అమర్చితే ఆ రాయి దిగడానికి అంతగా ఇష్టపడదు. పూర్తిగా దిగదని మాత్రం హామీ లేదు.

పేరులో ఉన్న బుడగలు ట్యాంకులో పోయి, టెంటకిల్స్ సన్నగా పొడుగ్గా మారడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. అది జబ్బు కాదు. రంగు నిండుగా ఉండి, తాకితే అంటుకుంటూ ఉంటే భయపడనక్కర్లేదు.

దీనితో వచ్చే అసలు ఇబ్బంది చీలడం. ఆరోగ్యంగా పెరిగినా చీలుతుంది, ఒత్తిడి కలిగినా చీలుతుంది. ఒకటి రెండై, రెండు నాలుగై పక్కనున్న పగడాలను కుడతాయి. ఖరీదైన పగడాలు నిండిన ట్యాంకుకు ఇది లోపం. క్లౌన్‌ఫిష్ (అనెమోనీలో కాపురముండే చేప) కోసమే ఉన్న ట్యాంకుకు ఇదే లాభం, అదనపు పిల్లల్ని ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు.

హడ్డోని కార్పెట్

మన తూర్పు తీర సముద్రంలోనే ఉండే రకం కాబట్టి దుకాణాల్లో కనిపించే అవకాశం ఎక్కువ. పొట్టి టెంటకిల్స్ ఒత్తుగా, ఇసుక మీద పరిచిన దుప్పటిలా ఉంటుంది. ఒకసారి కుదురుకుంటే పెద్దగా కదలదు, పగడాలున్నవాళ్లకు ఇది నచ్చే గుణం. కానీ అర మీటరు దాకా విచ్చుకుంటుంది. ఒకటిన్నర అడుగు వెడల్పున్న ట్యాంకులో ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా అదే నిండిపోతుంది.

దీని అంటు చాలా గట్టిది. తాకిన చేప తప్పించుకోలేదు. రాత్రిపూట ఇసుక మీద నిద్రపోయే గోబీలు, నెమ్మదిగా తిరిగే మాండరిన్, ఈదడం సరిగా రాని చేపలు దీనికి ఆహారమైపోతాయి. పొద్దున లేచేసరికి ఒక చేప కనిపించకుండాపోయి, రెండో రోజు కార్పెట్ నోటి నుంచి ముల్లు బయటికి రావడం ఇది పెట్టుకున్నవాళ్లకు తెలిసిన సంగతే. చెయ్యి పెట్టేటప్పుడు మోచేతి దాకా గ్లవ్స్ వేసుకోండి. ముంజేతి మెత్తటి చర్మం మీద దద్దుర్లు రావచ్చు.

సెబే క్లౌన్, క్లార్కీ క్లౌన్ (ఇవి క్లౌన్‌ఫిష్ రకాలు, సెబే అనెమోనీ వేరు) ఉన్నవాళ్లకు ఇది సహజమైన జోడీ. సముద్రంలో సెబే క్లౌన్ కాపురం దీంట్లోనే. పెద్ద ట్యాంకు, రెండు మూడు చురుకైన చేపలు, చిల్లర్ ఉన్నవాళ్లు ధైర్యంగా ఎంచుకోవచ్చు.

మాగ్నిఫిసెంట్

చూడ్డానికి దీన్ని మించినది లేదు. ఆసెల్లారిస్, పెర్కులా క్లౌన్లు సముద్రంలో నిజంగా ఉండేది ఇలాంటి అనెమోనీల్లోనే. కానీ బలమైన వెలుతురు, బలమైన ప్రవాహం లేకపోతే నిలవదు, అవి దొరికేదాకా అద్దాలెక్కి తిరుగుతుంది. సముద్రం నుంచి వచ్చినవాటికి సూక్ష్మజీవుల వల్ల జబ్బు రావడం ఎక్కువ. విడి ట్యాంకు పెట్టి, రోజూ నీళ్లు మార్చి, యాంటీబయాటిక్ చికిత్స దాకా వెళ్లాల్సి రావచ్చు. రెండు మూడేళ్లు బబుల్ టిప్‌ను బాగా పెంచాక ఆలోచించండి, ముందు వద్దు.

సెబే, లాంగ్ టెంటకిల్

సెబే పేరుతో అమ్మే వాటిలో చాలావరకు పాలిపోయి ఉంటాయి. తెల్లగా, ఊదా కొనలతో మెరుస్తుంటే అందం అనుకుంటారు. టెంటకిల్స్‌లో ఉండి దానికి తిండి తయారుచేసే ఆల్గే (సూక్ష్మమైన నాచు) వెళ్లిపోయింది కాబట్టే ఆ తెలుపు. ఆరోగ్యంగా ఉన్నది లేత గోధుమ, ముదురు ఆకుపచ్చ రంగుల్లో ఉంటుంది. నిమ్మపండు పసుపులో ఏకరంగుగా మెరిసేది రంగు వేసినది, దాన్ని ముట్టుకోకండి. లాంగ్ టెంటకిల్‌కు 10–15 సెంటీమీటర్ల ఇసుక కావాలి. మామూలుగా మనం వేసే రెండు అంగుళాల ఇసుకలో పాదం నిలవక తేలిపోతుంది.

రాక్ ఫ్లవర్, మినీ మ్యాక్సీ

చిన్న ట్యాంకు ఉండి, పగడాలే ముఖ్యమనుకునేవాళ్లు వీటిని సీరియస్‌గా చూడాలి. రాక్ ఫ్లవర్ కరీబియన్ సముద్రపు జీవి, 10–15 సెంటీమీటర్లు పెరుగుతుంది. మినీ మ్యాక్సీ ఇంకా చిన్నది. పెట్టినచోటే ఉండిపోతాయి, ఒకదాన్నొకటి కుట్టకుండా గుంపుగా పెరుగుతాయి, చీలి ట్యాంకును ఆక్రమించే భయమూ తక్కువ. రెండు లోపాలున్నాయి. క్లౌన్‌ఫిష్ సాధారణంగా వీటిలోకి వెళ్లదు. దిగుమతి మీద ఆధారపడినవి కాబట్టి దొరకడం తక్కువ, సైజుకు మించిన ధర పలుకుతాయి. 80–90 లీటర్ల చిన్న ట్యాంకు వేడిని త్వరగా పట్టుకుంటుంది, కాబట్టి చల్లదనం షరతు వీటికీ వర్తిస్తుంది.

అనెమోనీ లేకుండా

క్లౌన్‌ఫిష్ బతకడానికి ఇంటి ట్యాంకులో అనెమోనీ అవసరం లేదు. వేటాడే చేపలు లేనిచోట దానికి కోట అక్కర్లేదు. తమిళనాడులోని మండపం ఊరిలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, అంటే సీఎంఎఫ్‌ఆర్‌ఐ కేంద్రం క్లౌన్‌ఫిష్‌ను హేచరీలో పెంచడంలో విజయం సాధించింది. అలా హేచరీలో పుట్టిన చేప అనెమోనీని ఎన్నడూ చూసి ఉండదు. మీరు ఎంతో ఖర్చుపెట్టి తెచ్చినా నెలల తరబడి దాని వైపు వెళ్లకపోవచ్చు, వేవ్‌మేకర్ మూలనే ఇల్లనుకోవచ్చు.

టోడ్‌స్టూల్ లెదర్ అనే మెత్తటి పగడంలో కూడా చాలా క్లౌన్లు పడుకుంటాయి. అది నడవదు, వెలుతురు తక్కువైనా ఓర్చుకుంటుంది. హ్యామర్, టార్చ్ వంటి గట్టి అస్థిపంజరం ఉన్న పగడాలు బాగుంటాయని సలహా ఇచ్చేవాళ్లుంటారు. రాతి పగడాలన్నీ మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూల్‌లో రక్షణ ఉన్నవని గుర్తుంచుకోండి. కాగితాలు చూపించలేని అమ్మకందారు దగ్గర కొనకండి. అలాగే మన్నార్ సింధుశాఖ సముద్ర జాతీయ ఉద్యానం నుంచి తెచ్చానని ఎవరైనా గొప్పగా చెప్పి ఏ జీవిని అమ్మబోయినా వద్దనండి.

మీ పరిస్థితికి ఏది

ఏడాది దాటిన మూడు అడుగుల ట్యాంకు, చిల్లర్ లేదా పగలంతా ఏసీ, ఆసెల్లారిస్ జత ఉంటే చీలిన బబుల్ టిప్ పిల్ల. టొమాటో క్లౌన్, మెరూన్ క్లౌన్ ఉన్నా అదే, సముద్రంలోనూ వాటి ఇల్లు బబుల్ టిప్పే. పగడాల తోటలా పెంచుకున్న ట్యాంకైతే రాక్ ఫ్లవర్లు. పెద్ద ట్యాంకు, తక్కువ చేపలు, సెబే క్లౌన్ ఉంటే హడ్డోని. వేసవి సెలవుల్లో పది రోజులు ఊరెళ్లి, ఇంటి తాళం పక్కింటివాళ్లకు ఇచ్చే కుటుంబమైతే లెదర్ పగడం. అద్దె ఇంట్లో ఉండి ఏడాదికో ఇల్లు మారేవాళ్లకు కూడా అదే చెబుతాం. రాతి సందులో పాదం దూర్చుకున్న బబుల్ టిప్‌ను ఇల్లు మారేటప్పుడు చిరగకుండా తీయడం కష్టం.

కొనేటప్పుడు, తెచ్చేటప్పుడు

దుకాణంలో పది నిమిషాలు నిలబడి చూడండి. నోరు బిగుతుగా మూసుకుని ఉండాలి. నోరు తెరుచుకుని లోపలి పొరలు బయటికి వేలాడుతుంటే వదిలేయండి. పాదం అద్దానికో రాయికో అంటుకుని ఉండాలి, చిరుగు ఉండకూడదు. టెంటకిల్స్‌కు చిన్న రొయ్య ముక్క తాకించమని అడగండి. పట్టుకుని నోటి వైపు తీసుకెళ్తే మంచిది. వచ్చి రెండు రోజులు కూడా కానిదాన్ని కొనకండి, అడ్వాన్సు ఇచ్చి వారం తర్వాత తీసుకోండి.

చెన్నై కొళత్తూరులో కొని పుత్తూరు మీదుగా తిరుపతి చేరడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. బెంగళూరు నుంచి పలమనేరు మీదుగా చిత్తూరుకూ ఇంచుమించు అంతే. రెండు పొరల కవరు, థర్మోకోల్ పెట్టె, తెల్లవారుజామున బయలుదేరడం, ఈ మూడూ తప్పనిసరి. కవరులో వేరే జీవి ఏదీ ఉండకూడదు. కొనడానికి మంచి కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి. అప్పుడు తెస్తే ఎండలు ముదిరేలోపు కుదురుకోవడానికి దానికి రెండు మూడు నెలల వ్యవధి దొరుకుతుంది.

పులికాట్ దగ్గరే కదా అని ఆ నీళ్లు తెచ్చి కలపాలనుకునేవాళ్లున్నారు. అది ఉప్పూ మంచీ కలిసిన సరస్సు నీరు, కాలాన్ని బట్టి ఉప్పు మారిపోతుంటుంది. ప్యాకెట్ ఉప్పే నయం. వారానికి పది శాతం చొప్పున 19 లీటర్లు మార్చడానికి 700 గ్రాముల ఉప్పు సరిపోతుంది.

మొదటి పది రోజులు

తెచ్చే ముందురోజే వేవ్‌మేకర్లకు, ఓవర్‌ఫ్లోకు (నీళ్లు కిందికి పొర్లే చోటుకు) స్పాంజో సన్నటి జాలీయో బిగించండి. అనెమోనీలు ఇళ్లలో చనిపోయే కారణాల్లో వేవ్‌మేకర్ రెక్కల్లో పడి నలిగిపోవడం ముందుంటుంది. అలా నలిగితే ఆ ఒక్కటే పోదు, ఆ విషానికి ట్యాంకంతా పోవచ్చు.

కవరును 20 నిమిషాలు ట్యాంకు నీటిలో తేలించి, తర్వాత సన్నటి ట్యూబుతో చుక్కచుక్కగా గంట, గంటన్నర నీళ్లు కలపండి. కవరు నీళ్లు ట్యాంకులో పోయకండి. పంపులు ఆపి, బబుల్ టిప్ పాదాన్ని రాతి సందు దగ్గర ఆనించి, పైన చిల్లుల ప్లాస్టిక్ బుట్ట బోర్లించండి. కొన్ని గంటల్లో అంటుకుంటుంది. లైటును సగానికి తగ్గించి, మూడు వారాల్లో మెల్లగా మామూలుకు తీసుకురండి.

మొదటి వారం తిండి వద్దు. తర్వాత వారానికి ఒకటి రెండుసార్లు పచ్చి రొయ్య, శనగగింజంత ముక్క. నెల్లూరు రొయ్యలు మన మార్కెట్లలో ఎప్పుడూ దొరుకుతాయి. ఉప్పు, పసుపు తగలనివి తీసుకుని కడిగి, ఒకసారి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి వాడండి. పెద్ద ముక్క పెడితే రాత్రి కక్కేస్తుంది, ఆ కుళ్లు నీటిని పాడుచేస్తుంది.

రోజులో ఒకసారి ముడుచుకుపోయి, గోధుమరంగు మడ్డిని వదిలి మళ్లీ విచ్చుకుంటే కంగారుపడకండి, అది విసర్జన. రెండు మూడు రోజులుగా ముడుచుకునే ఉండి, నోరు తెరుచుకుని, పాదం పట్టు వదిలేస్తే ఉప్పు శాతం, ఉష్ణోగ్రత, అమోనియా వెంటనే కొలవండి. రాయి నుంచి తీయాల్సి వస్తే లాగకండి. పాదం దగ్గర ఐసు ముక్క కొద్దిసేపు ఆనిస్తే దానంతటదే వదులుతుంది.

శరీరం జిగురుగా కరుగుతూ, కుళ్లిన వాసన వస్తే ఇక ఆలోచించకండి. గ్లవ్స్ వేసుకుని కవరులోకి మొత్తంగా తీసేయండి, కొత్త యాక్టివేటెడ్ కార్బన్ వేయండి, 25–30 శాతం నీళ్లు మార్చండి, నురుగుతో మురికిని లాగే స్కిమ్మర్‌ను నిండుగా నడపండి. మర్నాడు పొద్దున అమోనియా పరీక్షించి, సున్నా కాకపోతే ఇంకో 25 శాతం మార్చండి. అందుకే కొత్త అనెమోనీ వచ్చిన నెలంతా 50 లీటర్ల ఉప్పునీళ్లు కలిపి డ్రమ్ములో సిద్ధంగా ఉంచుకోవాలి.